అమెరికా గంట వేతనం: నెలనెలా లెక్క ఎలా చూడాలి

నెల మొదట్లో ఒక శుక్రవారం సాయంత్రం అమెరికా జాబ్స్ రిపోర్ట్ వస్తుంది. ఉద్యోగాలు ఎన్ని పెరిగాయి, నిరుద్యోగం ఎంత శాతం అన్న రెండు ముక్కల మీదే టీవీల్లో హడావుడంతా. అదే రిపోర్టులో కాస్త కిందికి వెళ్తే ఇంకో అంకె ఉంటుంది: ప్రైవేటు రంగంలో గంట పనికి సగటున ఎన్ని డాలర్లు ముడుతున్నాయి అన్నది. వడ్డీ రేట్లు ఎటు పోతాయో అంచనా వేసేవాళ్లు దీని కోసం కాచుకుని ఉంటారు. డాలర్ రేటుకీ, బంగారానికీ, మనం ఇక్కడ కొని పెట్టుకున్న ఐటీ షేర్లకీ దీని సెగ ఎంతో కొంత తగులుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటి లోన్ రేటు తగ్గుతుందేమో అని చూస్తున్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని గమనించడానికి ఎకనామిక్స్ చదివి ఉండాల్సిన పనిలేదు. ఒక స్ప్రెడ్‌షీట్, నెలకు ఒక అరగంట ఓపిక చాలు. కాకపోతే ఇది సగటు అన్న సంగతి ఎప్పుడూ మనసులో ఉండాలి. సగటు పెరిగిందంటే జనానికి జీతాలు పెరిగి ఉండొచ్చు. తక్కువ జీతగాళ్లు లెక్కలోంచి జారిపోయి ఉండొచ్చు. లేదా పనిచేసిన గంటలే తగ్గి ఉండొచ్చు. మూడింటికీ బయట కనిపించే అంకె ఒకటే. వాటిని విడదీసి చూడటానికే కింద చెప్పే పద్ధతి.

1. ఏ అంకెను చూడాలో ముందు తేల్చుకోండి

ఈ లెక్క తీసేది అమెరికా కార్మిక శాఖ కింద పనిచేసే బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్. అందరూ బీఎల్ఎస్ అంటారు. నెలనెలా లక్షకు పైగా సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాల నుంచి పేరోల్ (జీతాల) వివరాలు తీసుకుంటారు. నెలలో 12వ తేదీ ఏ పే పీరియడ్‌లో (జీతం లెక్కకట్టే వారం, రెండు వారాల్లాంటి గడువు) పడితే ఆ పీరియడ్ లెక్కలే అడుగుతారు. వేతనం అంకెకు అందులోని ప్రైవేటు సంస్థలను మాత్రమే తీసుకుని, మొత్తం జీతాల బిల్లును జీతం చెల్లించిన మొత్తం గంటలతో భాగిస్తారు. అదే సగటు గంట వేతనం.

ఇందులో రెండు సిరీస్‌లు ఉన్నాయి. మొదటిది మేనేజర్లతో సహా ఉద్యోగులందరిదీ. ఇది 2006 మార్చి నుంచి మాత్రమే దొరుకుతుంది. రెండోది ఉత్పత్తి పనివాళ్లు, సూపర్‌వైజర్ స్థాయికి దిగువన ఉన్నవాళ్లది. ప్రైవేటు ఉద్యోగుల్లో ఐదింట నాలుగు వంతుల మంది ఇందులోకి వస్తారు, లెక్క 1964 నుంచి ఉంది. వార్తల్లో వినిపించేది మొదటిది కాబట్టి మీరూ దాన్నే ప్రధానంగా పెట్టుకోండి. రెండోదాన్ని పక్క కాలమ్‌లో ఉంచండి. రెండోది మొదటిదాని కంటే వేగంగా పెరుగుతోందంటే కింది స్థాయి ఉద్యోగాల్లో జీతాలు బాగా కదులుతున్నట్టు. 2021-22లో అలాగే జరిగింది.

ఓవర్‌టైమ్, నైట్ షిఫ్ట్ అదనపు డబ్బు ఇందులో కలుస్తాయి. ఎప్పుడో ఒకసారి ఇచ్చే బోనస్‌లు, ఆరోగ్య బీమా, కంపెనీ తరఫున కట్టే రిటైర్మెంట్ వాటా కలవవు. పన్ను కోతకు ముందు అంకె ఇది. పొలం పనివాళ్లు, సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు అసలు లెక్కలోనే లేరు.

హెచ్-1బీ వాళ్లకు ఒక మాట. మీ ఎల్‌సీఏ (వీసా కోసం కంపెనీ కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తు) కాగితంలో కనిపించే ప్రివెయిలింగ్ వేజ్‌కూ (ఆ ప్రాంతంలో ఆ ఉద్యోగానికి మామూలుగా ఇచ్చే జీతం) దీనికీ సంబంధం లేదు. దానికి ఆధారం ఉద్యోగాల వారీగా, ప్రాంతాల వారీగా జరిగే వేరే సర్వే. ఈ నెల సగటు పెరిగింది కదా అని ఆ అంకె మారదు.

2. తేదీ, టైమ్ రాసిపెట్టుకోండి

రిపోర్ట్ సాధారణంగా నెల మొదటి శుక్రవారం, అమెరికా తూర్పు తీరం టైమ్ ప్రకారం ఉదయం 8:30కి వస్తుంది. మన టైమ్‌లో వాళ్ల వేసవి వేళలప్పుడు సాయంత్రం 6 గంటలు, చలికాలంలో 7. ఒక్కోసారి రెండో శుక్రవారానికి జరుగుతుంది కాబట్టి బీఎల్ఎస్ సైట్‌లో సంవత్సరం మొత్తం తేదీల పట్టిక చూసుకుని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. పట్టిక కూడా రాతిమీద గీత కాదనుకోండి. 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం షట్‌డౌన్ (ఖర్చుకు ఆమోదం దొరక్క కార్యాలయాలు మూతపడటం) అయినప్పుడు, ఆ నెల మొదట్లో రావాల్సిన సెప్టెంబర్ రిపోర్ట్ నవంబర్ 20న గానీ రాలేదు.

3. అంకెలు నేరుగా తెచ్చుకోండి

వార్తా కథనంలోని శాతాన్ని ఎత్తి రాసుకోవద్దు. అసలు రిపోర్టులో బీ-3 అనే పట్టిక ఉంటుంది, దాని పై వరసలో ‘టోటల్ ప్రైవేట్’ ఎదురుగా డాలర్లు, సెంట్లు కనిపిస్తాయి. వారానికి సగటు పని గంటలు బీ-2లో, రెండో సిరీస్ వేతనం బీ-8లో ఉంటాయి.

పాత ఏళ్ల అంకెలన్నీ ఒక్కసారిగా కావాలంటే అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ నడిపే ఫ్రెడ్ సైట్ హాయి. ఖాతా లేకపోయినా డౌన్‌లోడ్ అవుతుంది. ఉద్యోగులందరి గంట వేతనం కోడ్ సీఈఎస్0500000003. బీఎల్ఎస్ కోడ్‌లలో చివర 3 బదులు 2 పెడితే వారపు గంటలు, 8 పెడితే రెండో సిరీస్ వేతనం. ఫ్రెడ్‌లో మాత్రం ఈ రెండింటినీ AWHAETP, AHETPI అనే పేర్లతో వెతకాలి. మొదటి మూడు అక్షరాలు సీఈఎస్ అని ఉంటే పండగలు, సెలవులు, సీజన్ల ప్రభావం సర్దేసిన లెక్క. సీఈయూ అని ఉంటే సర్దని ముడి లెక్క. నెలకూ నెలకూ పోల్చాలంటే సీఈఎస్సే తీసుకోండి. రెండూ కలిపి ఒకే కాలమ్‌లో పడితే గ్రాఫ్ రంపం పళ్లలా వస్తుంది.

4. షీట్‌లో మూడు వేగాలు లెక్కకట్టండి

ఒక్కో నెలకు ఒక వరస. అందులో గంట వేతనం, వారపు గంటలు రాసి, మూడు రకాల పెరుగుదల తీయండి.

మొదటిది గత నెలతో పోలిక. ఈ నెల వేతనంలోంచి పోయిన నెలది తీసేసి, పోయిన నెల వేతనంతో భాగించి, 100తో హెచ్చించాలి. రెండోది నిరుటి ఇదే నెలతో పోలిక, లెక్క అదే. మూడోది మూడు నెలల వేగం. ఈ నెల వేతనాన్ని మూడు నెలల కిందటి వేతనంతో భాగించండి, వచ్చినదాన్ని నాలుగో ఘాతానికి పెంచండి, ఒకటి తీసేసి 100తో హెచ్చించండి. ఇదే ఊపు ఏడాదంతా ఉంటే ఎంత పెరుగుతుంది అన్నది తెలుస్తుంది.

నాకైతే ఈ మూడోదే పనికొచ్చేది. ఒక నెల అంకె మరీ గంతులేస్తుంది, ఏడాది అంకె మరీ నిదానం. గాలి మారిన సంగతి ఏడాది అంకెలో కనిపించేసరికి నాలుగైదు నెలలు గడిచిపోతాయి.

శాతాలు మీరే ఎందుకు తీయాలంటే, రిపోర్టులో ఇచ్చేవి ఒక దశాంశ స్థానానికి సరిచేసినవి. గంట వేతనం 34.36 డాలర్లు ఉందనుకోండి. మర్నెల 8 సెంట్లు పెరిగితే అది 0.2 శాతం అని అచ్చవుతుంది. 9 సెంట్లు పెరిగితే 0.3 శాతం. 0.2 శాతం చొప్పున ఏడాదంతా పెరిగితే 2.4 శాతం, 0.3 చొప్పున అయితే 3.7 శాతం. ఒక్క సెంటు తేడాకు ‘వేతనాలు చల్లబడ్డాయి’, ‘వేతనాల సెగ తగ్గలేదు’ అని రెండు రకాల హెడ్డింగులు వచ్చేస్తాయి. సెంట్లలో చూసినవాడికి ఆ టెన్షన్ ఉండదు.

5. గంటల కాలమ్‌ను తప్పకుండా చూడండి

చాలామంది వదిలేసేది ఇదే. 2024 జనవరి రిపోర్ట్ తీసుకుని చూద్దాం. గంట వేతనం ఒక్క నెలలో 19 సెంట్లు పెరిగి 34.55 డాలర్లకు చేరింది. అంటే 0.6 శాతం. అదే ఊపు ఏడాదంతా ఉంటే 7 శాతం దగ్గరకు చేరుతుంది. చూడగానే కంగారు పడాల్సిన అంకే.

ఇప్పుడు పక్క కాలమ్ చూడండి. వారపు పని గంటలు 34.3 నుంచి 34.1కి పడ్డాయి. వేతనాన్ని గంటలతో హెచ్చించండి. డిసెంబర్‌లో 34.36 ఇంటూ 34.3, అంటే వారానికి 1178.55 డాలర్లు. జనవరిలో 34.55 ఇంటూ 34.1, అంటే 1178.16. గంటకు 19 సెంట్లు పెరిగిందన్న నెలలో సగటు ఉద్యోగి వారం జీతం 39 సెంట్లు తగ్గింది!

ఆ జనవరి మధ్యలో అమెరికాలో చాలా చోట్ల మంచు, విపరీతమైన చలి. సర్వే లెక్కలోకి వచ్చే రోజులు కూడా ఇంచుమించు అదే సమయం. నెల జీతం వాళ్లు ఆఫీసుకు రాకపోయినా జీతం అంతే ఉంటుంది, జీతం చెల్లించిన గంటలే లెక్క కాబట్టి వాళ్ల గంటలూ అంతే ఉంటాయి. గంటల లెక్కన పనిచేసే హోటల్ కుర్రాడికీ, భవన నిర్మాణ కూలీకీ పనీ ఉండదు, డబ్బూ ఉండదు. తక్కువ జీతాల గంటలు అలా లెక్కలోంచి తగ్గి సగటును పైకి నెడతాయి. మర్నెల గంటలు 34.3కి తిరిగొచ్చాయి, వేతనం 5 సెంట్లే పెరిగింది, అంటే 0.1 శాతం. పైగా జనవరి అంకెను 34.52కి తగ్గించి రాశారు.

కాబట్టి షీట్‌లో మరో కాలమ్‌గా వారం జీతం పెట్టుకోండి. గంట వేతనం పైకి, గంటలు కిందికి కదిలిన నెలను పసుపు రంగులో గుర్తుపెట్టి, మరో నెల ఆగి చూసి మాట్లాడండి.

6. లెక్కలో ఎవరున్నారో అడగండి

ఒక హోటల్లో పదిమంది పనిచేస్తున్నారనుకోండి. ఆరుగురు సర్వర్లకు గంటకు 15 డాలర్లు, నలుగురు పెద్ద చెఫ్‌లకు 40 డాలర్లు. సగటు 25. గిరాకీ పడిపోయి ముగ్గురు సర్వర్లను తీసేశారు. మిగిలిన ఏడుగురి సగటు 29.29 డాలర్లు. ఒక్కరికీ పైసా పెంచకుండానే సగటు వేతనం 17 శాతం పెరిగింది.

2020 ఏప్రిల్‌లో అమెరికా మొత్తం మీద జరిగింది ఇదే. కోవిడ్ లాక్‌డౌన్లలో ఆ ఒక్క నెలలో 2 కోట్లకు పైగా ఉద్యోగాలు పోయాయి. హోటళ్లు, బార్లు, వినోద రంగంలోనే 77 లక్షలు. నిరుద్యోగం 14.7 శాతం. అదే రిపోర్టులో సగటు గంట వేతనం 1.34 డాలర్లు పెరిగి 30.01కి చేరింది. నెలలో 4.7 శాతం! తక్కువ జీతగాళ్లు పెద్ద ఎత్తున ఉద్యోగాలు కోల్పోవడమే కారణమని బీఎల్ఎస్ ఆ రిపోర్టులోనే రాసింది. వాళ్లు మళ్లీ పనుల్లోకి వచ్చే కొద్దీ సగటు కిందికి జారింది. అది కూడా జీతాలు కోసినందువల్ల కాదు.

మామూలు నెలల్లో ఇంత విడ్డూరం ఉండదు గానీ, చిన్న మోతాదులో ఇది ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. అందుకే బీ-3 పట్టికలో పై వరసతో ఆగిపోవద్దు. దిగువన రంగాల వారీగా వేతనాలున్నాయి: నిర్మాణం, రిటైల్, ప్రొఫెషనల్ సర్వీసులు, హోటళ్లు-వినోదం అలా. మొత్తం సగటు ఎగిరింది, రంగాల్లో చాలా వాటిలో కదలిక లేదు అంటే, మారింది జీతాలు కావు, ఎవరు లెక్కలో ఉన్నారన్నది.

7. ధరలు తీసేసి చూడండి

వేతనం 5 శాతం పెరిగిందన్న మాటకు ధరలు ఎంత పెరిగాయో తెలిస్తేనే అర్థం. జాబ్స్ రిపోర్ట్ వచ్చిన కొద్ది రోజులకు వినియోగదారుల ధరల సూచీ వస్తుంది. అదే రోజు, అదే సమయానికి బీఎల్ఎస్ ‘రియల్ ఎర్నింగ్స్’ అని చిన్న ప్రకటన కూడా ఇస్తుంది. అందులో ధరల పెరుగుదల తీసేసిన గంట వేతనం సిద్ధంగా ఉంటుంది, మీరు లెక్కకట్టే పని కూడా లేదు.

2022 జూన్ గుర్తుంచుకోదగ్గ నెల. గంట వేతనం ఏడాదిలో 5.1 శాతం పెరిగింది. అంతకు ముందు దశాబ్దంలో 2, 3 శాతం దగ్గరే తిరిగిన సిరీస్‌కు అది పెద్ద అంకె. కానీ ధరలు 9.1 శాతం పెరిగాయి. నిజ వేతనం 3.6 శాతం పడిపోయింది. జీతం పెరిగిందని సంబరపడిన మనిషి కిరాణా కొట్టులో, పెట్రోల్ బంకులో అంతకంటే ఎక్కువ వదిలించుకుని వచ్చాడు.

మన దగ్గర జీతం నెలకు, కూలి రోజుకు. గంట లెక్క మన నోట్లో పెద్దగా ఆడదు. అయినా లెక్క ఒకటే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి 2023-24లో 272 రూపాయలు, 2024-25లో 300. పెరుగుదల 10.3 శాతం. అందులోంచి ఊళ్లో ధరలు ఎంత పెరిగాయో తీసేస్తే మిగిలేదే అసలు పెంపు.

8. ఇంకో రెండు చోట్ల సరిచూసుకోండి

సగటులో ఉన్న లోపాన్ని తప్పించుకునే లెక్కలు రెండున్నాయి.

అట్లాంటా ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే వేజ్ గ్రోత్ ట్రాకర్ మొదటిది. ఒకే మనిషి నిరుడు గంటకు ఎంత సంపాదించాడు, ఇప్పుడు ఎంత అని చూసి, ఆ పెరుగుదలల్లో నడిమి అంకెను తీస్తారు. ఉద్యోగం పోయినవాడు లెక్కలోంచి పోతాడు గానీ, వాడు పోయినందువల్ల మిగతావాళ్లకు జీతం పెరిగినట్టు కనిపించదు. 2022 వేసవిలో ఇది 6.7 శాతం దాకా వెళ్లింది. ఇందులో కంపెనీ మారినవాళ్లకు ఎంత, ఉన్నచోటే ఉన్నవాళ్లకు ఎంత అని విడిగా కూడా ఇస్తారు. మారినవాళ్ల పెరుగుదల బాగా ఎక్కువగా ఉంటే కంపెనీలు మనుషుల కోసం పోటీ పడుతున్నట్టు. రెండూ దగ్గరికొస్తే ఆ పోటీ చల్లారినట్టు. జాబ్ మారాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు సగటు వేతనం కంటే దీన్ని చూడటం మేలు.

రెండోది బీఎల్ఎస్ మూడు నెలలకోసారి ఇచ్చే ఎంప్లాయ్‌మెంట్ కాస్ట్ ఇండెక్స్. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలాఖరుల్లో వస్తుంది. ఉద్యోగాల కలయికను కదలకుండా పట్టి ఉంచి, జీతంతో పాటు బీమా లాంటి ప్రయోజనాల ఖర్చునూ కొలుస్తుంది. మూడింటిలో నమ్మదగ్గది ఇదేనని ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది మాట, నాదీ అదే. ఆలస్యంగా రావడమే దీని లోటు. కాబట్టి నెలనెలా గంట వేతనం చూస్తూ, మూడు నెలలకోసారి దీనితో సరిచూసుకోవాలి. రెండూ వేర్వేరు దారుల్లో వెళ్తుంటే దీన్నే నమ్మండి.

9. ఆ అంకె ఫెడ్‌కు (ఫెడరల్ రిజర్వ్, అమెరికా కేంద్ర బ్యాంకు) ఏం చెబుతుందో చదవండి

ఫెడరల్ రిజర్వ్ ద్రవ్యోల్బణం (ధరల పెరుగుదల) లక్ష్యం ఏడాదికి 2 శాతం. ఉద్యోగి ఉత్పాదకత (గంటలో చేసే పని పరిమాణం) ఏడాదికి 1 నుంచి 1.5 శాతం పెరుగుతుందనుకుంటే, వేతనాలు 3 నుంచి 3.5 శాతం పెరిగినా కంపెనీకి ఒక్కో వస్తువు మీద పడే జీతాల భారం 2 శాతమే పెరుగుతుంది. ఆ మేరకు వేతనాలు పెరగడం వాళ్లకు అభ్యంతరం కాదు. మూడు నెలల వేగం 4.5, 5 దగ్గర నిలబడితే మాత్రం వడ్డీ రేట్లు తగ్గించడానికి వెనకాడతారు. ఉత్పాదకత వేగం మారితే ఈ గీత కూడా జరుగుతుంది కాబట్టి 3.5ను గీటురాయిగా పట్టుకుని వేలాడకండి.

మార్కెట్ కదిలేది అంకెను బట్టి కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను బట్టి. అందుకని రిపోర్ట్ రాకముందే అంచనా ఎంతో షీట్‌లో రాసిపెట్టుకోండి. 2018 ఫిబ్రవరి 2న వచ్చిన రిపోర్టులో వేతనాలు ఏడాదికి 2.9 శాతం పెరిగాయని తేలింది, 2009 తర్వాత అదే ఎక్కువ. ఇప్పుడు చూస్తే నవ్వొచ్చే అంకె. కానీ ఎవరూ ఊహించలేదు. ఫెడ్ వడ్డీ రేట్లు ఇంకా వేగంగా పెంచుతుందన్న భయంతో అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ ఆ రోజు దాదాపు 666 పాయింట్లు పడింది. చిత్రమేమిటంటే ఆ నెలలోనూ వారపు గంటలు 0.2 తగ్గి ఉన్నాయి. నెల తిరిగేసరికి ఆ 2.9ను 2.8గా సవరించారు, కొత్త నెల అంకె 2.6గా వచ్చింది.

10. సవరణలకు చోటు ఉంచండి

ప్రతి నెల అంకెనూ తర్వాతి రెండు రిపోర్టుల్లో సవరిస్తారు. సర్వే కాగితాలు ఆలస్యంగా పంపే కంపెనీలు ఉంటాయి మరి. ఏడాదికోసారి, ఫిబ్రవరి మొదట్లో వచ్చే జనవరి రిపోర్టుతో పాటు, పాత నెలల లెక్కలు కూడా పెద్ద ఎత్తున మారతాయి. పైన చెప్పిన 2023 డిసెంబర్ వేతనం మొదట అచ్చైనప్పుడు 34.27 డాలర్లు. నెల తర్వాత అది 34.36 అయింది. పాత 34.27 మీద కొత్త 34.55ను లెక్కకడితే పెరుగుదల 0.8 శాతం వస్తుంది, అది తప్పు.

అందుకే ప్రతి నెలా కొత్త అంకెను కింద అతికించి ఊరుకోవద్దు. ఫ్రెడ్ నుంచి సిరీస్ మొత్తాన్ని మళ్లీ దించుకుని పాతదాని మీద వేసేయండి. ఫార్ములాలు వాటంతట అవే సర్దుకుంటాయి. మొదటిసారి అచ్చైన అంకెను మాత్రం వేరే కాలమ్‌లో చేత్తో రాసి ఉంచండి, దాన్ని ఎప్పుడూ చెరపొద్దు. ఆ రోజు మార్కెట్ ఏ అంకెను చూసి ఉలిక్కిపడిందో తర్వాత వెతికితే కొత్త సిరీస్‌లో కనిపించదు.